ఆలస్యమైన చేతులు

దోన్ రుఫీనో గొడుగు విదిలించుకుంటూ లోపలికి వచ్చేసరికి ఎనేకో తాళ్ల చుట్టలు పేరుస్తున్నాడు. ఇత్సాస్పె రేవులో పడవ సామాన్లమ్మే దుకాణం అది. వారమంతా ఎనేకో అక్కడ వలలు, తాళ్లు, వాన కోట్లు అమ్ముతాడు. ఆదివారం ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్‌గా నిలబడతాడు. మీసం సరిగ్గా మొలవని వయసులో ఆ గోల్ ముందు నిలబడ్డవాడు, మీసం నెరిసినా అక్కడే ఉన్నాడు. దోన్ రుఫీనోకి వెనక వీధిలో చేపల్ని ఉప్పులో ఊరేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఉంది. జట్టు అధ్యక్షుడు కూడా ఆయనే.

"జూన్‌లో నీకు సన్మానం చేస్తున్నామోయ్," అన్నాడాయన. "పోటీ లేని సరదా మ్యాచ్. దానికి ముందు ఔర్రెస్కు. తరవాత భోజనాలు. ఊరంతా కదిలొస్తుంది."

"నేను మానేస్తున్నానని మీతో ఎవరన్నారండీ?"

"నువ్వు మానెయ్యాలని మాత్రం ఎవరన్నారు? ఇన్నేళ్లు నిలబడ్డావు, ఒక పూట నీ ముందు మేం నిలబడతాం అంటున్నాం. అంతేగా!"

అంతే కాదని ఎనేకోకి తెలుసు. కొట్లో పుట్టి పెరిగిన మనిషి. ఎవరైనా ఏదైనా ఉచితంగా చేతిలో పెడితే, దానికి బదులు తన దగ్గర్నించి ఏం పోతోందో ముందు చూసుకుంటాడు. ఔర్రెస్కు ఆ ఊళ్లో ఎవరి ముందు పడితే వాళ్ల ముందు ఆడే నాట్యం కాదు. పెళ్లిలో పెళ్లికూతురి ముందు ఆడతారు. ఊరు విడిచిపోయే ముసలి ఫాదరీ ముందు ఆడతారు. మోసుకుపోయే ముందు శవపేటిక ముందు కూడా ఆడతారు. ఆట మైదానంలో ఎవరి ముందు ఆడారో ఆ మనిషి మళ్లీ బూట్లు తొడిగిన దాఖలా లేదు. ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టి లేదు, అందరికీ తెలుసు. దోన్ రుఫీనో పూలదండలో పెట్టి అడుగుతున్నది గ్లవ్సే.

అయినా వద్దనడం ఎలా? ఊరి మర్యాదని కాదంటే రేపట్నించి తాడు ముక్క కొనేవాడుండడు. "సరేనండీ," అన్నాడు ఎనేకో. నోటితో ఒప్పుకున్నాడు గానీ లెక్క తెగలేదు.

తెగకపోవడానికి కారణం మోదెస్తో. కొండ మీది మెందిబె ఊరి జట్టుకి అధ్యక్షుడు. పశువుల బేరగాడు. మే నెలలో ఒకరోజు వచ్చి, తాళ్ల చుట్ట మీద కూలబడి, ఎనేకోని మడమల నుంచి భుజాల దాకా ఎద్దుని చూసినట్టు చూశాడు.

"రెండేళ్లు మా దగ్గర ఆడు తమ్ముడూ," అన్నాడు. "మా కుర్రాళ్లకి కాళ్లున్నాయి. వెనకాల నిలబడి తిట్టేవాడే లేడు."

"నన్నిక్కడ ముసలాడంటున్నారు."

"అంటే అననీ. ఎద్దు వయసు పళ్లు చూసి చెప్తా. గోల్‌కీపర్ వయసు చేతులు చూసి చెప్పాలి. నీ చేతులెలా ఉన్నాయి?"

ఎనేకో చేతులు చూపించాడు. రెండు వేళ్లు వంకరపోయాయి, ఒక బొటనవేలు మడత పడదు. కానీ మోదెస్తో అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు ఎనేకో.

"అయితే సన్మానం నాడు వస్తా. భోజనాల దగ్గర ఒక్క మాట చెప్పు, చాలు."

చేతులు బాగానే ఉన్నాయా? ఎనేకోకి ఆ వసంతమంతా పట్టుకున్న దిగులు అదొక్కటే. ఏప్రిల్‌లో ఒక గోల్ పడింది. తుంపర పడుతోంది. ఎక్కడో దూరం నుంచి ఎవడో ఉబుసుపోక తన్నినట్టు తన్నాడు. బంతి పొగమంచులోంచి తీరిగ్గా, దారి తప్పిన పక్షిలా వచ్చింది. వస్తోందని ఎనేకో చూశాడు. లేచాడు. వేళ్ల కొసల మీదుగా దాటిపోయి వెనక వలలో చల్లగా కూర్చుంది.

"చేతులు ఆలస్యమవుతున్నాయి ఎనేకో," అన్నాడు కోచ్ ఆ సాయంత్రం.

"సముద్రపు గాలి ఎత్తేసింది బంతిని."

"నువ్వు పుట్టింది ఆ గాల్లోనే కదయ్యా."

ఎవరిది నిజం? గోల్‌కీపర్ పని విచిత్రమైన వ్యాపారం. ఆపిన బంతుల్ని ఎవరూ లెక్కపెట్టరు, పోయినవే లెక్క. ఇన్నేళ్లలో ఎనేకో నేర్చుకున్నదల్లా నష్టాన్ని ముందే పసిగట్టడం. తన్నేవాడి తుంటి ఎటు తిరిగితే బంతి ఎటు వస్తుందో, ఏ గాలికి ఎంత వంగుతుందో, ఏ మూల వదిలేస్తే వాడు ఆశపడి ఆ మూలకే తంతాడో, అన్నీ తెలుసు. తెలిసినవాడు ముందే అక్కడ నిలబడతాడు కాబట్టి చేతులు పరుగెత్తాల్సిన అవసరం రాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తెలివి అప్పిస్తూ పోతుంటే చేతులు ఎప్పుడు దివాలా తీశాయో యజమానికి కూడా తెలియదు.

కొట్లోనే పరీక్ష పెట్టుకున్నాడు. "నాకు చెప్పకుండా ఏదో ఒకటి విసురుతూ ఉండు," అన్నాడు భార్య గార్బిన్యెతో. ఆమె గల్లా దగ్గర్నించి దారపు ఉండలు విసిరేది. సోపు ముక్క విసిరేది. ఒకసారి ఉల్లిపాయ విసిరింది. అన్నీ పట్టాడు. వారం తిరిగేసరికి ఛాతీ విరుచుకుని తిరిగాడు.

"చూశావా, ఒక్కటీ పోలేదు."

"పోదు మరి," అంది గార్బిన్యె వలకి సీసపు గుళ్లు కుడుతూ. "నీకు అందేలా విసురుతున్నాను కదా."

"అందేలా ఎందుకు విసరడం?"

"మొగుడి మీదకి అందకుండా విసరడం ఎలాగో ఎవరూ నేర్పలేదు నాకు."

సన్మానానికి వారం ముందు, మగవాళ్లు చేరి వండుకు తినే సంఘం గదిలో పెయో ఉల్లిపాయలు తరుగుతూ అసలు కబురు చెప్పాడు. పెయో ఊరికి రొట్టెలు కాల్చే మనిషి. ఎనేకో ఈడువాడే. చిన్నప్పుడు పోటు తగ్గిన ఇసకలో పెయో తన్నేవాడు, ఎనేకో దూకేవాడు. వాళ్లిద్దరి స్నేహమంతా అదే.

"నీ ముందు ఆడేది నేనేరా," అన్నాడు పెయో.

"నువ్వా? ఆ పొట్టేసుకుని? కాలు ఎక్కడిదాకా లేస్తుందిరా నీకు?"

"నీ ముక్కుదాకా లేస్తే చాలదా? నీ ముక్కేమైనా చర్చి గోపురం మీదుందా?"

"మధ్యలో పడిపోతే?"

"పడితే పట్టుకో. పట్టుకోవడమేగా నీ పని. ఆ బంగాళాదుంపలు ఇటు పడెయ్."

ఎనేకో పడేశాడు. పెయో చూడకుండానే అందుకున్నాడు. అది చూసి ఎనేకో తన వేళ్లు ఒకసారి ముడిచి విప్పాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నించీ సన్నటి తుంపర. నీళ్లు పడుతున్నట్టు ఉండదు, గాలే తడిసినట్టుంటుంది. సముద్రం వైపు గోల్ మంచులో సగం కరిగిపోయి, రెండు తెల్లటి గుంజలు మాత్రం ఎవరో గాల్లో గీసినట్టు కనిపిస్తున్నాయి. జనం మెట్ల మీద గొడుగుల కింద కిక్కిరిసి ఉన్నారు. దోన్ రుఫీనో ఇనప కుర్చీలో ముందు వరసలో. మోదెస్తో నల్ల టోపీ పెట్టుకుని ఆ పక్కన. గార్బిన్యె గొడుగు లేకుండా, అమ్మే వాన కోట్లలోంచి ఒకటి తీసి తొడుక్కుని.

ఎనేకో మైదానం నడుమ నిలబడ్డాడు. నిలబడే పద్ధతి ఒకటుంది. నిటారుగా, చేతులు పక్కన, కదలకుండా. ఎవరూ దగ్గకూడదు, చప్పట్లు కొట్టకూడదు, నాట్యం ముగిసేదాకా. ఎనేకో గ్లవ్స్ తొడుక్కున్నాడు. అలా రమ్మనలేదు ఎవరూ, వద్దని కూడా అనలేదు.

ఒకే మనిషి ఎడమచేత్తో పిల్లనగ్రోవి పట్టి, కుడిచేత్తో చిన్న డప్పు వాయిస్తున్నాడు. ఆ గ్రోవి పాట మంచులోకి వెళ్లి, కాసేపాగి, మరెక్కడి నుంచో తిరిగొస్తోంది. తెల్ల బట్టలు, నడుముకి ఎర్ర గుడ్డ చుట్టుకుని పెయో వచ్చాడు. టోపీ తీశాడు. వంగి దండం పెట్టాడు. ఇసకలో తనని బూతులు తిట్టే పెయో ఇతడేనా అనిపించింది ఎనేకోకి. ముఖం కడిగిన రాయిలా ఉంది.

పాట సాగుతూంటే కాళ్ల కింది గడ్డి మెత్తబడింది. అది గడ్డో ఇసకో తెలియలేదు. పోటు తగ్గి మైళ్ల కొద్దీ అద్దంలా పరుచుకున్న ఇసక, అందులో రెండు చెప్పుల జతలు గోల్ గుంజలు. అక్కడ తొలిసారి దూకినప్పుడు నోరంతా ఇసకయింది. ఆ రుచి నాలుక మీద ఇప్పుడు తగిలింది. తరవాత రైలు పెట్టె కిటికీ. ఏటా ఒకసారి ఆటకి వెళ్లే, దక్షిణాన ఎండ కొలిమిలా ఉన్న ఊరు, నారింజ చెట్ల వాసన, అతని పేరు పలకడం రాని జనం వెక్కిరింతలు. మొదటి ఏడాది ఆ జనానికి భయపడ్డాడు, పదో ఏడాదికి వాళ్లే అతని పేరు నేర్చుకున్నారు. ఏమిచ్చాడు, ఏం పుచ్చుకున్నాడు? రెండు వేళ్లు ఇచ్చాడు. ఆదివారాలన్నీ ఇచ్చాడు. తండ్రి పోయిన రోజు కూడా గోల్ ముందే ఉన్నాడు, ఆట అయ్యాక చెప్పారు. పుచ్చుకున్నది? వీధిలో పోతుంటే ముసలమ్మలు పేరు పెట్టి పిలిచేవాళ్లు. తన్నిన బంతి తన వైపు వస్తున్నప్పుడు, ఊరంతా ఊపిరి బిగబట్టే ఆ ఒక్క క్షణం. అది ఏ బజార్లోనూ దొరకదు. అది ఎన్నిసార్లు దొరికినా ఇంకొకసారి కావాలనిపించే సరుకు. రెండేళ్లు. మెందిబెలో ఇంకో రెండేళ్లు అది దొరుకుతుంది.

పెయో కుడికాలు లేచింది. నిజంగానే లేచింది, నుదుటి ఎత్తుకి. తెల్ల జోడు, ఎర్ర దారం కట్టు, మంచులోంచి తేలుతూ వచ్చి ఎనేకో ముఖం ముందు ఒక్క క్షణం ఆగి దిగిపోయింది. గొడుగుల కింద ఎవరో ఊపిరి పీల్చారు. పెయో గుండ్రంగా తిరిగాడు. ఎడమకాలు లేచింది, దిగింది. ఎనేకో కదల్లేదు. కదలకూడదన్న సంగతి గుర్తుంచుకుని కదల్లేదు.

గ్రోవి పాట నెమ్మదించింది. ఆ నెమ్మదిలో అతను గుర్తుంచుకోవడం మరిచిపోయాడు. ఎక్కడున్నాడో మరిచిపోయాడు. తెల్లగా గుండ్రంగా ఏదో ఒకటి మంచులోంచి లేచి తన మీదికి వస్తోంది. ఎవరూ చెప్పలేదు, ఏ తుంటీ చూడలేదు, ఏ గాలీ లెక్కగట్టలేదు. తెలివికి పనిలేకుండా చేతులు వాటంతటవే లేచాయి.

గ్లవ్స్ రెండూ ముఖం ముందు కలుసుకున్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. పెయో పాదం అప్పటికే దిగిపోయి గడ్డిని తాకుతోంది. తడి తోలు మీద తడి తోలు పడి ఠప్పున మోగింది.

గ్రోవి ఒక స్వరం తడబడింది. ఎనేకో చేతులు అలాగే ఉన్నాయి, ఏదో పట్టుకున్నట్టు.

అప్పుడు మెట్ల మీది నుంచి ఎవరిదో గొంతు. "ఆహా! చప్పట్లు కొడుతున్నాడయ్యా! తన సన్మానంలో ఆడేవాడికి తనే కొడుతున్నాడు!" ఒక చప్పట్ల జత మొదలైంది. తరవాత పది. తరవాత ఊరంతా. ఔర్రెస్కు మధ్యలో ఎవరూ ఎన్నడూ చేయని పని అది, అయినా సన్మానం పొందేవాడే మొదలుపెట్టాక ఇంకేం? గొడుగులు పక్కన పడేసి మరీ కొట్టారు. దోన్ రుఫీనో లేచి నిలబడి కొట్టాడు. మోదెస్తో టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. ఆ హోరులో గ్రోవి మునిగిపోయింది.

ఎనేకో పెయో వైపు చూశాడు. పెయో ఆఖరి దండం పెడుతూ తలెత్తి అతని వైపు చూశాడు. ఆ చూపులో చప్పట్ల మాట లేదు.

సరదా మ్యాచ్‌లో ఎనేకో కాసేపు గోల్ ముందు నిలబడ్డాడు. అవతలివాళ్లు పసిపిల్లలకి అన్నం ముద్దలు అందించినట్టు బంతుల్ని చేతుల్లోకే తన్నారు. పట్టిన ప్రతిసారీ జనం అరిచారు. గార్బిన్యె విసిరిన ఉల్లిపాయ ఇంతకంటే గట్టిగా వచ్చింది, అనుకున్నాడు.

సంఘం గదిలో బల్లలు వేశారు. సన్మానం రోజు గనక ఆడవాళ్లు కూడా వచ్చారు, వంటింట్లోకి మాత్రం మగాళ్లు రానివ్వలేదు. సీసా ఎత్తుగా పట్టి గ్లాసుల్లోకి ఆపిల్ కల్లు ధార కడుతున్నారు. ఎనేకో చేతులు కడుక్కునే మిషతో వంటింట్లోకి వెళ్లాడు. పెయో బూడిదరంగు చొక్కా తొడుక్కుని, వెల్లుల్లి నూనెలో చేప ముక్కలు తిప్పుతున్నాడు.

"కాలు పట్టుకోబోయావు కదూ," అన్నాడు పెయో వెనక్కి తిరగకుండా.

"ఊఁ."

"నేను తన్నేస్తాననుకున్నావా ముఖం మీద?"

"ఏమీ అనుకోలేదురా. అదే కదా. ఏమీ అనుకోకుండా లేచాయి."

పెయో మూకుడు ఊపాడు. "నిజం చెప్పనా?"

"చెప్పు."

"పెళ్లిళ్లలో ఆడినప్పటి కాలు కాదిది. తుంటి పట్టేసింది. సగం దారిలోనే దిగిపోదామని చూసింది, బలవంతాన లేపాను. ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేపలేదు." చేప ముక్క తిరగేశాడు. "అదైనా అందుకుంటావనే అనుకున్నా."

ఎనేకో గోడకానుకున్నాడు.

"బాగా ఆలస్యమైందా?"

"కాలు కిందకొచ్చి నేలని ముట్టాక విన్నాను ఆ చప్పుడు. నేనెవరికీ చెప్పను. ఊరికి చప్పట్లు నచ్చాయి, ఉంచుకోనీ."

"గాలి కూడా లేదురా అప్పుడు," అన్నాడు ఎనేకో. ఏప్రిల్ గోల్ గురించి కోచ్‌తో వాదించడానికి ఇంక ఏ సాకూ మిగల్లేదన్నమాట. ఆశ్చర్యమేమిటంటే దుఃఖం రాలేదు. చాలాకాలంగా ఎవరిదో తెలియక కొట్లో మూల పడి ఉన్న మూటని ఎట్టకేలకి విప్పి చూసినట్టుంది. ఏముందో తెలిసిపోయింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి మోదెస్తో పక్క కుర్చీ ఖాళీగా ఉంచాడు. ముఖం ఆపిల్ కల్లుకీ సంతోషానికీ ఎర్రబడింది.

"తమ్ముడూ, నేను సంతల్లో ముసలాణ్నయ్యాను, నా కళ్లు ఊరికే తడవ్వు. ఇవాళ తడిశాయి. ఆడుతున్నవాడికి నువ్వే చప్పట్లు కొట్టావు చూడు! అలాంటి మనిషి వెనక నిలబడితే మా కుర్రాళ్లు కొండల్ని తంతారు." అరచేయి చాచాడు. సంతలో బేరం కుదిరితే ఇద్దరూ అరచేతులు చరుచుకుంటారు, ఇక దానికి తిరుగుండదు. "కొట్టు. రెండేళ్లు."

ఎనేకో ఆ అరచేయి వైపు చూశాడు. ఒక్క చరుపు చాలు. అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. చూసినవాళ్లంతా తప్పుగా చూశారు, అదీ తన లాభానికే. ఇంకా రెండేళ్ల ఆదివారాలు, ఊపిరి బిగబట్టే జనం, మంచులోంచి వచ్చే బంతి. వాటిలో ఎన్ని వెనక వలలో కూర్చుంటాయో మోదెస్తోకి చలికాలం మంచులు మొదలయ్యాక గాని తెలియదు.

"నేను చప్పట్లు కొట్టలేదండీ," అన్నాడు.

"మరి?"

"పెయో కాలు పట్టుకోబోయాను."

మోదెస్తో చాచిన చేయి అలాగే ఉంది. నవ్వు మాత్రం మెల్లగా లోపలికి పోయింది. పశువు నడక చూసే కళ్లతో ఎనేకోని చూశాడు.

"అందలేదా?"

"అందలేదు."

"ఆ రొట్టెలవాడి వయసెంత?"

"నా ఈడే. వాడికి తుంటి పట్టేసిందట కూడా."

మోదెస్తో చేయి దించి గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. "ఇది చెప్పకపోతే కొనేసేవాణ్ని నేను."

"తెలుసండీ."

"కొన్నాక తెలిసుంటే, సంతలో కనిపించిన ప్రతివాడికీ చెప్పి తిట్టేవాణ్ని నిన్ను."

"అదీ తెలుసు."

"ఊఁ," అన్నాడు మోదెస్తో. ఎనేకో గ్లాసు నింపాడు. "వంకర వేళ్లు చూశాను గానీ అవెంత త్వరగా లేస్తాయో చూడాలని తట్టలేదు నాకు. తాగు."

అప్పుడు దోన్ రుఫీనో చెంచాతో సీసా మీద కొట్టాడు. గది సద్దుమణిగింది. "మన ఎనేకో రెండు మాటలు మాట్లాడతాడు," అన్నాడు.

ఎనేకో లేచాడు. బల్ల చివర గార్బిన్యె రొట్టె తుంచడం ఆపింది. మాట్లాడటం అతనికి రాదు, గోల్ ముందు అరవడమే వచ్చు. ఆ వసంతమంతా మోసిన మాట ఒక్కటే ఉంది నోట్లో.

"నేను..." అన్నాడు. "నేను ఆట మానేస్తున్నాను."

గది ఒక క్షణం అతని వైపు చూసింది. తరవాత ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ మూలనెవరో పకపకా నవ్వారు.

"మరి ఇవాళ మేమంతా ఎందుకొచ్చామనుకున్నావురా బాబూ!"

"పొద్దున్నించీ తడిసింది దేనికయ్యా?"

"కబురు పట్టుకొచ్చాడండీ, కొత్త కబురు!"

గదంతా నవ్వులు. దోన్ రుఫీనో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఎనేకో నిలబడే ఉన్నాడు. గార్బిన్యె నవ్వలేదు. తుంచిన రొట్టె ముక్క బల్ల మీద పెట్టి, అతని వైపే చూస్తూ నెమ్మదిగా తలూపింది. విన్నాను, అన్నట్టు.

పెయో వంటింటి గుమ్మంలో మూకుడుతో నిలబడి కేకేశాడు. "అయిందా ప్రసంగం? కూచోరా, చల్లారిపోతోంది!"

ఎనేకో కూర్చున్నాడు. పెయో అతని పళ్లెంలో అందరికంటే పెద్ద ముక్క వేశాడు. అది ఇంకా పొగలు కక్కుతోంది.